దీర్ఘవృత్త సమీకరణము – ప్రామాణిక రూపము
(హోసూరులో విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన పిల్లలు పెక్కుమంది గణితమును తమిళమునందో ఆంగ్లమునందో నేర్చుచున్నారు. ఇంటికి వచ్చి సందేహ మడిగినచో, “మాకేమి తెలియును నాయనా, మీ పంతులుగారి నడుగు” మని మనము తప్పించుకొనుచున్నాము. నాటినుండి తెలుగు వంటింటికిని అంగడికిని మాత్రమే చాలిన భాషయని వారికి తోచును. ఈ మాట నన్ను చాలకాలముగా బాధించుచున్నది. కావున నేడొక లెక్కను తెలుగున చెప్పి చూపుదును. నేను పదవ తరగతితో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవాడను; ఈ పాఠమును మా అమ్మాయి పుస్తకము చూచి నేర్చితిని.

తమిళులు నీళ్‌వట్టమందురు. కన్నడిగులు దీర్ఘవృత్తమందురు, మన మాటయు నదియే. నేలపై రెండు మేకులు పాతి, వాని నడిమి దూరముకంటె పొడవైన త్రాటి కొనలను వానికి కట్టి, త్రాటిని బిగువుగా నుంచుచు పుల్లతో చుట్టును గీచినచో ఏర్పడునదే యిది. మేకులున్న చోట్లు నాభులు. 1609లో కెప్లరు కుజగ్రహ మట్టి మార్గముననే తిరుగుచున్నదనియు, సూర్యుడొక నాభియందున్నాడనియు ప్రకటించెను.

పరీక్షలో మాత్ర మిది ముసుగు వేసికొని వచ్చును:

9 ఎక్స్² + 25 వై² − 36 ఎక్స్ + 150 వై + 36 = 0

ఇది పద్దులు విడదీయక కలగాపులగముగా వ్రాసిన చిట్టా వంటిది. వ్యాపారి దీనికి బెదరనక్కరలేదు. ఎవరి పద్దు వారికి విడదీయుదము:

9(ఎక్స్² − 4 ఎక్స్) + 25(వై² + 6 వై) = −36

మొదటి కుండలీకరణములోనిది పూర్ణవర్గ మగుటకు 4, రెండవదానికి 9 చేర్చవలెను. పిల్లలు జారునది ఇచ్చటనే. లోపల చేర్చినది 4 యే గాని, వెలుపల 9 కాచుకొని యున్నది. నిజముగా చేరినది 36. అట్లే రెండవచోట చేరినది 25 తొమ్మిదులు, అనగా 225. ఎడమప్రక్క జమకట్టినదెల్ల కుడిప్రక్కను జమకట్టవలెను. లేకున్న ఇరుప్రక్కలు తూగవు.

9(ఎక్స్ − 2)² + 25(వై + 3)² = 225

అంతటిని 225 చే భాగించుదము:

(ఎక్స్ − 2)²/25 + (వై + 3)²/9 = 1

కుడివైపున 1 మాత్రమే మిగిలిన యీ రూపమే ప్రామాణిక రూపము. కేంద్రము (2, −3). గుర్తులు మారునని పిల్లలకు మరిమరి చెప్పుడు. 25 కు వర్గమూలము 5, 9 కి 3. పెద్దది ఎక్స్ క్రింద నున్నది గనుక బొమ్మ అడ్డముగా సాగును. పొడవు 10, వెడల్పు 6. 25 లో 9 పోగా 16, దాని మూలము 4. కేంద్రమునకు ఇరువైపుల 4 దూరమున, అనగా (6, −3), (−2, −3) వద్ద నాభులు.

నమ్మకము చాలనిచో పెరటిలో 8 జానల దూరమున మేకులు పాతి, ముడులు పోగా 10 జానలుండు త్రాడు కట్టి గీయుడు. గీచినదానిని కొలువగా పొడవు 10 జానలు, వెడల్పు 6 జానలు వచ్చును.

ఎక్స్, వై అక్షరములను మార్చవలదు; పరీక్షలో వానినే వ్రాయవలెను గదా. నడుమ చెప్పు మాటలు తెలుగున నుండనిండు. వచ్చే ఆదివారము సాయంకాలము పిల్లలతో తల్లులును రండు. త్రాడు, మేకులు మా అంగడినుండి తెత్తును.