యమనియమములును మన మగ్గమును

(మహబూబ్‌నగరమున జరిగిన పద్మశాలి కులబాంధవుల వార్షిక మహాసభలో విశ్రాంత సంస్కృతోపాధ్యాయు డొకరు చేసిన యుపన్యాసము)



యోగమును గుఱించి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత సంకోచించితిని. నాకు పద్మాసనము వేయుట చేతకాదు. ముప్పదియైదు సంవత్సరములు నల్లబల్ల యెదుట నిలువబడిన మోకాళ్లు ఇప్పుడు మడతపడుట కంగీకరింపకున్నవి. ఆ సంగతి చెప్పగా వారు నవ్వి, "ఆసనములు వేయించుటకు వేఱొకరు వచ్చుచున్నారు, గురువుగారూ! మీరు శాస్త్రము చెప్పిన చాలును" అనిరి. ఆసన మొకచోటను శాస్త్ర మొకచోటను ఉండుటయే మన కాలపు స్థితి గనుక, వారి మాటలోనే నాకు విషయము దొరికినది.

2014 డిసెంబరు 11వ తేదీన ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగదినముగా నిర్ణయించినది. 2015 మొదలుకొని ఏటేట ఆ దినమున ప్రొద్దుననే మైదానములయందు చాపలు పఱచి పిన్నలు పెద్దలు చేతులు చాచుచున్నారు. సంతోషమే. కాని పతంజలి చెప్పిన యెనిమిది యంగములలో ఆసనము మూడవది. దానికి ముందు యమము, నియమము అను రెండు గలవు. మొదటి రెండు మెట్లను విడిచి మూడవదానిపై కాలు మోపబోయిన వాని గతి యేమగునో, పెంకుటింటి అటుక యెక్కినవారి కందఱకును తెలియును.

యమము లైదు: అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము. అస్తేయ మనగా దొంగిలింపకుండుట. అపరిగ్రహ మనగా అక్కఱకు మించి చేర్చుకొనకుండుట. నియమము లైదు: శౌచము, సంతోషము, తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానము. ఈ పదింటిని పిల్లలచే వల్లె వేయించుట సులభము. నేను వేలమందిచే వేయించితిని. వల్లె వేసినవారిలో గాని వేయించినవానిలో గాని ఏమి మార్పు కలిగినదని యడిగిన ప్రత్యుత్తరము కష్టము. కావున పదింటిని వరుసగా వ్యాఖ్యానింపక, మన మగ్గముకడ నిలిచి ఏది యెదురైన దానిని చూచెదము.

మొదట అహింస. మాంసము ముట్టనివాడు అహింసాపరుడని లోకము తలచుచున్నది. అట్లయిన మన గద్వాల చీర మాట యేమి? దాని యొడలు నూలు. అంచును కొంగును పట్టు. ఆ రెంటిని కలుపు కుప్పడపు పనితనమును చూచి దేశమంతయు మెచ్చుకొనుచున్నది. ఆ పట్టు ఎట్లు వచ్చినది? పురుగు తన చుట్టును అల్లుకొనిన గూటిని, అది లోపల నుండగనే వేడినీట నుడికించి, తెగని పోగును తీయుదురు. ఒక చీరకు వేలకొలది ప్రాణములు పోవును. ఆ చీరనే కట్టుకొని మన ముత్తైదువలు వ్రతములు చేయుదురు.

ఈ ప్రశ్న నాకు మాత్రమే తోచినది కాదు. 1990 ప్రాంతమున, నాటి రాష్ట్రపతి ఆర్. వేంకటరామన్ గారి సతీమణి జానకిగారు, పురుగును చంపకుండ నేసిన పట్టుచీర యుండునా యని యడిగిరట. నాటి మన యుమ్మడి రాష్ట్రపు చేనేత సహకార సంస్థయగు ఆప్కోలో ఉద్యోగిగా నుండిన కుసుమ రాజయ్యగారు ఆ ప్రశ్నను మఱచిపోలేదు. పట్టుచిమ్మట గూటిని ఛేదించుకొని వెలువడువఱకు కొన్ని దినములు వేచియుండి, మిగిలిన గూళ్లనుండి దారము వడకించి, దానికి అహింసాపట్టు అని పేరిడిరి. గూటికి రంధ్రము పడుటచే పోగు తెగును; కనుక దానిని నూలువలె వడకవలసినదే. నిగ్గు కొంత తగ్గును, వెల హెచ్చును. గద్వాలవారిని పట్టు మానుడని చెప్పుటకు నేను రాలేదు. దానివలన ఎన్ని యిండ్లలో పొయ్యి వెలుగుచున్నదో నాకు తెలియును. ఒక యుద్యోగి తాను చేయు పనిలోనే హింస యున్నదని గుర్తించి, ఆ పనిలోనే దానికి విఱుగుడు వెదకినాడని మాత్రము చెప్పుచున్నాను. యమమును ఆచరణమున పెట్టుట యన నాకు తెలిసిన యర్థ మిది.

అహింసకు ఇంకొక ముఖము కలదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని ఆలేరు ప్రాంతమున చింతకింది మల్లేశము గారి తల్లి లక్ష్మమ్మగారు పోచంపల్లి చీరలకు ఆసు పోసెడివారు. ఒక్క చీరకు చేతిని సుమారు తొమ్మిదివేల మార్లు ఇటు నటు త్రిప్పవలయును. భుజము వాచును, రాత్రి నిద్ర రాదు. తరతరములుగా మన స్త్రీలు ఈ బాధపడుచునే యుండిరి. మనము చూచుచునే యుంటిమి. ఆడుదాని భుజము నొచ్చుట సూర్యు డుదయించుటవలె సహజమని తలచితిమి. ఆఱవ తరగతితో చదువు మానిన ఆ కుమారుడు మాత్రము అట్లు తలపలేదు. 1992లో ఆరంభించి, అప్పులపాలై, నలుగురిచే పిచ్చివాడనిపించుకొని, 1999లో లక్ష్మీ ఆసు యంత్రమును ముగించినాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. నే నెన్నడును ఎవరిని కొట్టియుండలేదని చెప్పుకొనువాడు, తన యింటిలో ఎవరి భుజము నొచ్చుచున్నదో ఒకసారి విచారించి చూడవలయును.

ఇక సత్యాస్తేయములు. ఇచట కొందఱకు కష్టము తోచవచ్చును, క్షమింపవలయును. కొన్ని రకముల వస్త్రములు చేతిమగ్గముపైననే నేయవలయునని 1985లో పార్లమెంటు శాసనము చేసినది. చేనేత గుర్తు 2006లో వచ్చినది. అయినను పవర్‌లూముపై నేసిన చీరను గద్వాలదనియు నారాయణపేటదనియు అమ్ముచున్నారు. అమ్మువారందఱు పరాయివారేనా? మన సభలో చేతు లెత్తుమని నేను అడుగను. కొనువానిని మోసగించుట అసత్యము. గుంటమగ్గములో కూర్చుండి నడుము వంగిపోయిన వాని కూలిని అపహరించుట స్తేయము. ఒక్క మాటతో రెండు యమములు భగ్నమగుచున్నవి. మిగిలిన నూలును తిరిగి యియ్యని నేతగాడును, లేని తప్పు చూపి కూలి కోయు సావుకారును ఈ లెక్కలోనివారే. ఇద్దఱి దోషము సమానమని మాత్రము నే ననను. ఒకడు ఆకలిచే చేయును, వేఱొకడు అలవాటుచే చేయును.

బ్రహ్మచర్యమును గుఱించి గృహస్థుల సభలో విస్తరించి మాటలాడుట యనుచితము. శౌచమునకు, రంగులు వేసిన నీటిని చెఱువులోనికి వదలకుండుడను మాట చాలును. సంతోషమును గుఱించి ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఉన్నదానితో తృప్తిపడుమను బోధ ఎవడు ఎవనికి చేయుచున్నాడో చూడవలయును. అప్పులలో మునిగిన నేతగానికి సావుకారు సంతోషమును బోధించినచో అది యోగము కాదు, లెక్క తప్పించుకొను నుపాయము. సంతోషము తన కోర్కెలకు తాను వేసికొను కళ్లెమే గాని, ఎదుటివాని నోటికి వేయు చిక్కము కాదు.

అపరిగ్రహమునకు మన ప్రాంతమున జరిగిన యుదాహరణమే యున్నది. పోచంపల్లి యనగానే మనకు రంగుల చీర జ్ఞప్తికి వచ్చును. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబాభావే శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనము ముగించుకొని కాలినడకన ఆ గ్రామము చేరినారు. అవి తెలంగాణ సాయుధ పోరాటపు దినములు; భూమికై రక్తము ప్రవహించుచున్న కాలము. హరిజనవాడలోని నలువది కుటుంబములవారు ఎనుబది యెకరములు దొరికిన బ్రతుకుదుమనిరి. సర్కారు ఇచ్చులోగా ఇచ్చువా రెవరైన కలరా యని వినోబా సభలో నడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూఱెకరము లిత్తుననిరి. అడిగినది ఎనుబది, ఇచ్చినది నూఱు. ఏబదియొక్క దినములు తెలంగాణమున నడచి వినోబా పండ్రెండువేల యెకరములకు పైగా సేకరించిరి. దేశమున దానపత్రములయందు వ్రాసిన భూమి యంతయు పేదలకు చేరలేదనుట నిజమే. కొంత రాతినేల, కొంత వ్యాజ్యముల పాలు. అందుచేత ఆ లేచి నిలిచిన క్షణము అబద్ధము కాదు.

మన కందఱకు నూఱెకరములు లేవు. పెండ్లిండ్లు మాత్రము కలవు. వరకట్న నిషేధ శాసనము వచ్చి (1961) ఆఱు దశాబ్దములు దాటినది. ప్రతి మహాసభలోను మనము దానిపై తీర్మానము చేయుచునే యున్నాము. తీర్మానము వ్రాసిన కలముతోనే లాంఛనముల పట్టికయు వ్రాయుచున్నాము. ఇంతకు మించి చెప్పిన నా బంధువులే నాతో మాటలాడరు.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్యాంశమునకు వచ్చుచున్నాను.

పతంజలి యమములను చెప్పిన వెంటనే ఒక షరతు పెట్టినాడు. జాతి, దేశము, కాలము, సమయము అను నాలుగింటిచే అవి ఖండింపబడకుండ నుండినప్పుడే మహావ్రతమగునన్నాడు. వ్యాసభాష్యము దీనిని వివరించినది. చేపలను దప్ప దేనిని చంపనను జాలరి యహింస జాతిచే తెగినది. పుణ్యక్షేత్రమున చంపననుట దేశముచే తెగినది. చతుర్దశినాడు చంపననుట కాలముచే తెగినది. మన భాషలో చెప్పవలెనన్న, మన్యంకొండపై అబద్ధమాడనివాడు దిగివచ్చి అంగడిలో ఆడుట దేశావచ్ఛేదము. కురుమూర్తి జాతర దినములలో మాత్రమే నిష్ఠగా నుండుట కాలావచ్ఛేదము. జాతి శబ్దమునకు అచ్చట మత్స్యజాతియే యర్థము గాని కులము కాదుకదా యని పండితులు ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని భాష్యకారుడు చూపిన లక్షణము, ఒక వర్గమును వేఱుపఱచి దానియెడ నొక ధర్మమును, తక్కినవారియెడ నొక ధర్మమును పాటించుట. ఆ లక్షణము నాలో నున్నట్లు నాకు 1989లో తెలిసినది.

నే నప్పుడొక గ్రామ పాఠశాలలో నుంటిని. పేరు వలదు. పదవ తరగతి పరీక్షకు పట్టికలు పంపు దినములు. మన కులము పెద్దమనిషి యొకరు నా యింటికి వచ్చి, తన కుమారుని వయస్సు రెండేండ్లు తగ్గించి వ్రాసిన మేలగుననిరి. నౌకరీలో రెండేండ్లు కలిసివచ్చును. మనవాడుగదా యని దిద్దితిని. వారము దాటకముందే ఒక కూలివాడు వచ్చినాడు. ఇతర కులస్థుడు, పాలమూరు కూలీలతో బొంబాయి పోయి కట్టడములలో రాళ్లు మోసినవాడు. బడిలో చేర్చినప్పుడు ఎవరో ఉజ్జాయింపుగా వేసిన తేదీచే తన బాలునికి రెండేండ్లు ఎక్కువ పడినవనియు, నిజమైన తేదీకి పుట్టుకకాగితము తెచ్చితిననియు చెప్పినాడు. అతడు కోరినది సత్యము. నేను నియమములు చెప్పితిని. రిజిస్టరు దిద్దుట నేరమంటిని. అతడు చాలసేపు నిలువబడి, "సారూ, మొన్న ఆ పిల్లగానికి దిద్దిన కలం నా పిల్లగానికి పనికిరాదా?" అని యడిగి వెడలిపోయినాడు. అతనికి ఎట్లు తెలిసినదో నాకు నేటికిని తెలియదు. పల్లెలో తెలియనిదేమున్నది!

మన పిల్లవాడు ఉద్యోగమున బాగుగ నున్నాడు. పండుగకు వచ్చి నాకు పాదాభివందనము చేయును. ఆ రెండవ బాలుడు, చాల యేండ్లకు, బస్టాండులో కనబడి తానే గుర్తుపట్టి పలుకరించినాడు. పోలీసు కొలువునకు పరుగులోను కొలతలలోను నెగ్గి, కాగితముపై వయస్సు మించుటచే వెనుకకు వచ్చెనట. ఇప్పుడు తండ్రివలెనే మేస్త్రీపని. నన్నేమియు అనలేదు. చాయ త్రాగుడని బలవంతము చేసి డబ్బులు తానే యిచ్చినాడు.

ఆ చాయ నాకు నేటికిని గొంతు దిగలేదు.

నేను నా కులమువానికి అసత్యమును దానము చేసి, పరకులమువానికి సత్యమును నిరాకరించితిని. ఆ రెండు దినములును ప్రాతఃకాలమున స్నానసంధ్యాదులు యథావిధిగా జరిగినవి. కులసంఘము తప్పని నేను చెప్పుట లేదు; నేను చదువుకొన్నది మన వారి వసతిగృహపు అన్నము తినియే. మనవారిని ఆదుకొనుట ధర్మమే. మన కొఱకు ధర్మమును తప్పుట మాత్రము ఆదుకొనుట కాదు.

కావున ఒక ప్రతిపాదనము. 2016లో గద్వాల, 2019లో నారాయణపేట వేఱు జిల్లా లైనను, ఉమ్మడి పాలమూరు నేతకుటుంబముల పిల్లలందఱు మన వసతిగృహమునకే వచ్చుచున్నారు. ఏటేట కొన్ని స్థానములు ఖాళీగా మిగులుచున్నట్లు నివేదికలో చదివితిమి. వానిలో ఐదింటిని, వలసపోయిన కూలీల పిల్లలకు, ఏ కులమువారైనను సరే, ఇయ్యవలయునని రేపటి సభకు తీర్మానము వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చియున్నాను. ఆ యైదుగురి భోజనవ్యయమునకు మొదటి సంవత్సరము నా పింఛనునుండి సగము చెల్లింతును. నిబంధనావళి ప్రకారము బలపఱచువా రొకరు కావలయును. ఇంతవఱకు ఎవరును సంతకము చేయలేదు. కాగితము ప్రవేశద్వారము కడనున్న బల్లపై నున్నది.