ఒకే మైదానం, ఇద్దరు బాక్సర్లు
(నిజాంపేటలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినారు. చదువు సంగతి ప్రతి ఏటా చెప్పుకొంటూనే ఉన్నాము. ఉర్దూ మీడియం బడి పంతుళ్లం, అంతకన్నా మాకేం తెలుసునని మీరనుకోవచ్చును. ఈసారి మాత్రం బాక్సింగు గురించి మాట్లాడదలచినాము. వెనుక వరుసలో పెద్దలు నవ్వుతున్నారు, ఫరవాలేదు. ఇంటర్వెల్ గంట కొట్టగానే మా పిల్లలు తగాదా పడే విషయమిది. నిఖత్ జరీన్ గొప్పా, హుసాముద్దీన్ గొప్పా అని. ఇద్దరూ మన నిజామాబాద్ వారే కనుక ఈ తగాదా తీర్చవలసిన బాధ్యత మన మీద ఉన్నది.

అసలు బాక్సరు గొప్పతనాన్ని దేనితో కొలవాలె? ఈ వాదన మిడిల్‌వెయిట్ వారి గురించి కూడా జరిగింది. ప్రొఫెషనల్ బాక్సింగులో 160 పౌండ్ల లోపు, అంటే సుమారు 72న్నర కిలోల లోపు బరువువారిది ఆ తరగతి. అర్జెంటీనా మోంజోన్ 1970లో చాంపియను అయి, 14 సార్లు కిరీటం నిలబెట్టుకొని, 1977లో ఓడకుండానే దిగిపోయినాడు. అమెరికా హాగ్లర్ 1980లో గెలిచి 12 సార్లు నిలబెట్టుకొన్నాడు. 1987 ఏప్రిల్‌లో లెనర్డ్ చేతిలో ఓడినాడు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరు హాగ్లరే గెలిచినాడన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ తర్వాత హాగ్లర్ మళ్లీ రింగులో అడుగు పెట్టలేదు. ఆ తీర్పు మీద నేటికీ జనం కొట్లాడుకొంటున్నారు.

లెక్క ప్రకారమైతే 12 కన్నా 14 ఎక్కువ, మోంజోనే గొప్ప. కాని అదే మోంజోన్ భార్యను చంపిన నేరానికి 1989లో శిక్ష పడి జైలుకు పోయినాడు. 1995లో, శిక్ష ఇంకా పూర్తికాకముందే కారు ప్రమాదంలో చనిపోయినాడు. హాప్కిన్స్ అని ఇంకొకాయన ఉన్నాడు. చిన్నప్పుడు నేరాలు చేసి జైలులో ఏండ్లు గడిపి, బయటికొచ్చి చాంపియనై, 20 సార్లు కిరీటం నిలబెట్టుకొన్నాడు. ఒకరు రింగు నుంచి జైలుకు, ఒకరు జైలు నుంచి రింగుకు. రికార్డు పుస్తకంలో మాత్రం ఇద్దరి పక్కనా అంకెలే ఉంటవి. కనుక పిల్లలూ, అంకెలు ఒక్కటే సరిపోవు. అంకెలు వద్దని మాత్రం మేము అనము, లెక్కల పరీక్ష దగ్గరికొచ్చింది!

ఇక మన వాళ్ల దగ్గరికి వద్దాము. నిజామాబాద్‌లో శంసాముద్దీన్ సాబ్ అనే ఉస్తాద్ ఉన్నారు. హుసాముద్దీన్ ఆయన కొడుకు, అన్నలు కూడా బాక్సర్లే. నిఖత్ మొదట పరుగు పందేలకు వచ్చిన పిల్ల. బాక్సింగు నేర్చుకొనేవారిలో ఆడపిల్లలు లేరేమని తండ్రినడిగి, ఆ ఉస్తాద్ దగ్గరనే గ్లౌజులు తొడిగింది. మగపిల్లలతోనే సాధన. మొదట్లో ముఖం వాచి ఇంటికి వస్తే తల్లి ఏడ్చిందట. నిక్కర్లు వేసుకోవడం మీద బంధువులన్న మాటలు వేరే. తండ్రి జమీల్ అహ్మద్ గారు తానూ క్రీడాకారుడే, గల్ఫ్‌లో ఉద్యోగం చేసి వచ్చినవారు. ఆయన బిడ్డ పక్కన నిలబడ్డారు.

2011లో టర్కీలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీలలో ఆ పిల్ల బంగారు పతకం తెచ్చింది. అప్పటికి పదిహేనేండ్లు కూడా నిండలేదు. 2017లో భుజం జారి చాలా నెలలు ఆట ఆగిపోయింది. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరిని పంపాలనే మాట వచ్చినప్పుడు, మేరీ కోమ్‌తో తనకూ ట్రయల్ పెట్టుమని మంత్రిగారికి ఉత్తరం రాసింది. ట్రయల్ జరిగింది, 9-1 తేడాతో ఓడిపోయింది. ఆరుసార్లు ప్రపంచ చాంపియనైన మనిషితో న్యాయంగా ఒక అవకాశమివ్వమని అడగడమే ఒక ధైర్యమని మా అభిప్రాయం. ఆ అడిగిన పద్ధతి చూడండి, ఉత్తరం రాసి అడిగింది. అందుకే వ్యాసరచన నేర్చుకోమని చెప్పేది.

తర్వాతది మీకందరికీ తెలిసినదే. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల ప్రపంచ బంగారం, అదే సంవత్సరం బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో మళ్లీ ప్రపంచ బంగారం. పారిస్ ఒలింపిక్స్‌లో 52 కిలోల తరగతి లేదు కనుక 50 కిలోలకు బరువు తగ్గించుకోవలసి వచ్చింది. ఆకలిని కూడా ఓడించాలన్నమాట. 2024లో పారిస్‌లో ప్రి క్వార్టర్ ఫైనల్లో చైనా వూ యూ చేతిలో ఓడింది. ఆ వూ యూనే చివరికి బంగారం గెలిచింది. అదే ఏడు మన రాష్ట్ర ప్రభుత్వం నిఖత్‌కు డీఎస్పీ ఉద్యోగమిచ్చింది.

హుసాముద్దీన్‌ది వేరే దారి. సైన్యంలో చేరి బాక్సింగు సాగించినాడు. 2018 గోల్డ్ కోస్ట్‌లో కంచు, 2022 బర్మింగ్‌హామ్‌లో కంచు, 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీలలో కంచు. తాష్కెంట్‌లో క్వార్టర్ ఫైనల్ 4-3తో గెలిచిన తర్వాత మోకాలు దెబ్బతో సెమీఫైనల్ ఆడలేకపోయినాడు. ఆడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేము. మూడుసార్లు మూడో మెట్టు మీదనే నిలబడినవానికి పత్రికల్లో చోటు తక్కువ. కాని ప్రపంచ పోటీలలో మగవారి పతకం మన దేశానికి ఎంత అరుదో ఆట తెలిసినవారికి తెలుసు. ఇద్దరికీ అర్జున అవార్డు వచ్చింది, ఆమెకు 2022 సంవత్సరానికి, ఆయనకు 2023కు.

మరి ఎవరు గొప్ప? పతకాలలో నిఖత్, సందేహం లేదు. దానిని దాచిపెట్టి ఇద్దరూ సమానమని తీపి మాట చెప్పడం మాకిష్టం లేదు. ఉస్తాద్ కొడుకుకు గ్లౌజులు ఇంట్లోనే ఉంటవి, ఈ పిల్ల వాటి కోసం మాటలు పడవలసి వచ్చింది. ఆ దూరాన్ని కూడా మేము లెక్కలో వేస్తాము. కాని ఆ ఉస్తాద్ కొడుకులకు నేర్పుతూ ఒక పరాయి ఆడపిల్లను కూడా అదే వరుసలో నిలబెట్టినాడు చూడండి, ఆయనకే మా మొదటి సలాం. ఆయన పేరు పక్కన ప్రపంచ పతకం ఏదీ రాసి ఉండదు.

తల్లిదండ్రులకొక మాట. బాక్సింగులో దెబ్బలు తగులుతవి, తలకు తగిలే దెబ్బ మంచిది కాదు. అందరూ బాక్సర్లు కావాలని మేము చెప్పడం లేదు. మేము చూస్తున్నదేమంటే, ఏడో తరగతిలో మగపిల్లలను దాటి పరుగెత్తిన పిల్ల తొమ్మిదికి వచ్చేసరికి మైదానం అంచున దుపట్టా సర్దుకొంటూ నిలబడి ఉంటుంది. ఏమమ్మా అంటే, "అబ్బా వద్దన్నారు సార్" అంటది. ఎందుకు వద్దన్నారో ఆ పిల్లకు తెలియదు. అడిగితే చాలాసార్లు ఆ అబ్బాకు కూడా తెలియదు, ఎవరో ఏమో అంటారని.

ఇంకొకటి చోటు. ఈ నిజాంపేటలో ఖాళీ జాగా కనిపిస్తే అపార్టుమెంటు లేస్తున్నది. నిజామాబాద్ పిల్లలకు ఉన్నంత మైదానం మన పిల్లలకు లేదు. రింగు కట్టమని మేము అడగడం లేదు. ఉదయం ఆరు నుంచి ఏడున్నర దాకా, ఆడపిల్లలకు విడిగా ఒక గంట, పరుగెత్తడానికి, తాడు ఆడడానికి కొంచెం చదునైన జాగా చాలు. తల్లులెవరైనా ఇద్దరు వంతులవారీగా వచ్చి కూర్చోగలిగితే మేలు. అటువంటి జాగా ఎవరి ఎరుకలోనైనా ఉంటే, భోజనాలకు లేచే ముందు కార్యదర్శిగారి దగ్గర పేరు రాయించగలరు.