మడ అడవి మీద హక్కు ఎవరిది?

(విశాఖపట్నంలో జరిగిన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



రైతు సంఘం సభలో మడ అడవి గొడవ ఎందుకని కొందరు అడిగారు. మన విశాఖ రేవు ఉన్న చోటు ఒకప్పుడు మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే ఉప్పు చిత్తడి. దాన్ని తవ్వి, పూడ్చి 1933లో రేవు తెరిచారు. రేవు వద్దని నేననను, దాని మీద బతికేవాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. కానీ పోయిన చిత్తడి మళ్లీ రాలేదు.

ఇప్పుడు పెద్ద మడ అడవి చూడాలంటే కాకినాడ పక్కన కోరంగికి పోవాలి. 1978లో దాన్ని అభయారణ్యం చేశారు. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్ల వేళ్ల సందుల్లోనే రొయ్య పిల్లా, పీత పిల్లా, చేప పిల్లా పెరిగేది. మడ పోతే మత్స్యకారుడి వల ఖాళీ. మరి రైతుకేమిటంటారా? ఉప్పెన జోరుకు ముందు అడ్డం పడేవి ఆ చెట్లే. 1977లో దివిసీమ ఏమైందో మన పెద్దలకు తెలుసు. ఉప్పునీరు ఎక్కిన పొలం మళ్లీ పండటానికి ఎన్నాళ్లు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంతకీ అడవిని చంపేదెవరు? వంటచెరకు మోపుతో వచ్చే ఆడమనిషిని పట్టుకుంటారు. గ్యాస్ బండ ఇచ్చాం కదా అంటారు. రెండో బండకు డబ్బులెక్కడివి? ఆమె విరిచింది కొమ్మలు. రొయ్యల చెరువుల వాళ్లు గట్లు వేసి పోటునీటికే అడ్డం కొట్టారు. పోటు రాకపోతే నేలలో ఉప్పు పేరుకుని మడ నిలువునా ఎండుతుంది, గొడ్డలి అక్కర్లేదు. తీరంలో ఆ చెరువులు తీసెయ్యమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో కేంద్రం చట్టం చేసి వాటికి దారి ఇచ్చింది. మోపుకో న్యాయం, చెరువుకో న్యాయమా?

ఎండిన మడ మళ్లీ లేచిన చోట్లూ ఉన్నాయి. గోదావరి, కృష్ణా ముఖాల దగ్గర స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ, ఊరివాళ్లు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటునీరు లోపలికి పోయి ఉప్పును కడిగింది, నాటిన మొక్క బతికింది. చౌడు పొలానికి మనం మురుగుకాలువ తీసినట్టే. ఊరివాళ్లను బయటికి నెట్టి కంచె వేస్తే ఆ పని అయ్యేది కాదు.

మనం అడగాల్సింది ఇది. 2006 అటవీ హక్కుల చట్టం కొండల్లో గిరిజనులకే అనుకుంటున్నారు. మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవి మీద బతికిన ఇతరులకూ అది వర్తిస్తుంది. చేపల వేట, నీటి పంట, పశువుల మేత మీద ఊరుమ్మడి హక్కు మూడో సెక్షన్‌లోనే ఉంది. అభయారణ్యమైనా సరే. గ్రామసభ పెట్టి ఫారం-బి నింపాలి. పాత కాగితాలు లేవని ఆగొద్దు, ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. తీరం ఊళ్ల కమిటీలు ఈ నెలలోనే ముసలివాళ్ల దగ్గర కూర్చుని రాయించండి.