ఇంటి రౌటరు - దాని తాళపుచెవులు
(జహీరాబాదు వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



జీవితమంతయు సంస్కృతపాఠములు చెప్పిన నన్ను, వ్యాకరణమునుగూర్చి గాక, ఇంటి గోడకు వ్రేలాడు రౌటరనెడి చిన్న పెట్టెనుగూర్చి మాటాడుమని కార్యనిర్వాహకులు కోరిరి. తాము నవ్వుదురేమో! కాని దీనివిషయమున నేను చేసిన తప్పులు రెండు కలవు. వానిని చెప్పుటయే నా యుపన్యాసము.

2020వ సంవత్సరమునఁ గరోనావలన బడులు మూఁతపడినవి. సెప్టెంబరు 1వ తేదీనుండి మన రాష్ట్రమున టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారమునఁ బాఠములు ప్రసారమయ్యెను. మా వీధిపిల్లలు ఫోనులు చేతఁబట్టి మా యరుగుమీఁదఁ జేరిరి. విద్యకై వచ్చినవారికి లేదనుట యెట్లు? వైఫై సంకేతపదమును సుద్దముక్కతోఁ దలుపుమీఁదనే వ్రాసితిని. అది తప్పని నేఁటికి ననను. బడులు తెఱచినపిమ్మట దానిని మార్పకుండుటయే నా మొదటి తప్పు.

కొన్నాళ్లకు సాయంకాలమైనచో మా యింట నొక్క పుటయుఁ దెఱచుకొనదయ్యెను. కనెక్షను నిచ్చినవారిని నిందించితిని. మా మనుమరాలు రౌటరులోనికిఁ బ్రవేశించి, దానితోఁ గలిసియున్న పరికరముల పట్టికను జూపి, “తాతా, ఇందు మనవి నాలుగే. తక్కిన పదునొకండు నెవరివి?” అని యడిగినది. నాయొద్ద సమాధానము లేదు.

ఆ సమాధానము లేకపోవుటయే యసలు భయము. 2008 జూలై 26న అహమ్మదాబాదునందు బాంబులు ప్రేలుటకుఁ గొన్ని నిమిషములముందు వచ్చిన బెదిరింపులేఖ, నవీముంబయిలో నొక గృహస్థుని వైఫైనుండి పంపఁబడెను. అతఁడు లేఖ వ్రాయలేదు. ఐనను పోలీసు లాతని తలుపే తట్టిరి. 2016లో ‘మిరాయ్’ అను దుష్టక్రమణిక లక్షలకొలఁది కెమెరాలను, రౌటరులను వశపఱచుకొనెను. దాని యుపాయమేమి? కర్మాగారమువారు పెట్టిన పేరును, సంకేతపదమును ఎవరును మార్పరని యెఱుఁగుటయే!

రౌటరునకు రెండు తాళపుచెవులు కలవు. మనవారు రెండును నొకటే యనుకొందురు. మొదటిది వైఫైది, అది యింటిలోనికి రానిచ్చును. రెండవది నిర్వహణకైనది, అది యింటి తాళములనే మార్పనిచ్చును. మొదటిది యతిథి కీయవచ్చును. రెండవదానిని గృహస్థుఁడే దాఁచుకొనవలయును.

ప్రవేశించు విధము సులభము. ఫోనును ఆ వైఫైతోఁ గలిపి, బ్రౌజరు తెఱచి, చిరునామాగడిలో 192.168.1.1 అనియో, 192.168.0.1 అనియో వ్రాయవలయును. తమది యేదో పెట్టె యడుగునఁ గల చీటీపై సాధారణముగా ముద్రింపఁబడియుండును. ఒకే యంకె యిన్ని యిండ్ల కెట్లు చెల్లునందురా? వంటగది యన్నచో నెవరి యింట వారి వంటగదియే గదా! ఈ యంకెలును నట్లే యింటిలోపలి వ్యవహారమునకై ప్రత్యేకింపఁబడినవి.

లోపలఁ జేయవలసినవి యివి. మొదట నిర్వహణ సంకేతపదమును మార్పుఁడు. పిదప వైఫైకి డబ్ల్యూపీఏ2గాని, డబ్ల్యూపీఏ3గాని రక్షణగా నెన్నుకొని, పండ్రెండక్షరములకుఁ దక్కువకాని క్రొత్త పదము నుంపుఁడు. పిల్లల పేర్లు, పుట్టినతేదీలు వలదు. మీట నొత్తినంతనే కలుపుకొను డబ్ల్యూపీఎస్‌ను, వెలుపలినుండి నిర్వహించు సౌకర్యమును నిలిపివేయుఁడు. లోపలి సాఫ్ట్‌వేరునకుఁ గ్రొత్త కూర్పు వచ్చినచోఁ జేర్చుకొనుఁడు.

ఇఁక నా రెండవ తప్పు. మార్చిన పదమును వ్రాసిపెట్టుకొనక మఱచితిని. ఎవరిని నడుగుటకు సిగ్గుపడి, పెట్టె వెనుకనున్న రీసెట్ రంధ్రమున సూది గ్రుచ్చి పట్టితిని. సమస్తమును దుడిచిపెట్టుకొని పోయినది; కనెక్షనువారు నింపిన వివరములును బోయినవి. మనుమరాలి ప్రవేశపరీక్ష దరఖాస్తునకు మఱునాఁడే గడువు! ఆ రాత్రి యా బిడ్డ బస్టాండుకడ నొక దుకాణమునఁ గూర్చుండి దరఖాస్తు పంపినది. నన్నొక్క మాట యనలేదు. అందుచే మఱింత బాధపడితిని. కాఁబట్టి కనెక్షనువారియొద్ద ఆ వివరములు ముందుగా వ్రాసికొననిదే యా రంధ్రము జోలికిఁ బోవలదు.

అట్లయినఁ బేదపిల్లలకుఁ దలుపు మూయవలెనా? వలదు. పెక్కు రౌటరులయందు ‘గెస్టు నెట్‌వర్కు’ అను వేఱు త్రోవ కలదు. అది యరుగువంటిది, దానిపైఁ గూర్చున్నవారు నడింటిలోని మన పరికరముల జోలికి రాకుండునట్లు చేయవచ్చును. ఐనను వెలుపలివారికిఁ గనఁబడునది మన కనెక్షనే. కావున దానికిని సంకేతపదముంచి, నెలకొకమాఱు మార్చి, ఎఱిఁగినవారికే యీయవలయును. నేఁడు మా యరుగుమీఁద మరల నేడుగురు పిల్లలు చదువుకొనుచున్నారు. వారి పేర్లు నేనెఱుఁగుదును.

పోషకులకు నా విన్నపమొకటి. ఈ యేఁట మన యువకులు ప్రతి వీధియందును వృద్ధుల యిండ్లకుఁ బోయి, ఒక గడియ కూర్చుండి, ఈ పనిని వారిచేతనే చేయింతురుగాక. చేసిపెట్టుట కాదు, చేయించుట. పలకమీఁదఁ జేయిపట్టి దిద్దించినవారికి మనుమలు తీర్చుకొనఁదగిన ఋణమిదియే.