రేవులో చెప్పిన ధర

(పర్ణశాలలో జరిగిన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీదికి పిలిచారు గనుక ఏదో పెద్ద విషయం చెబుతామని మీరు ఎదురుచూస్తూ ఉండవచ్చు. మేము మనవి చేయబోయేది డబ్బుల లెక్క. విమానం టిక్కెట్టు కొనేటప్పుడు సెల్‌ఫోన్‌లో మొదట కనిపించే ధర ఒకటి, చివరికి మన ఖాతాలోంచి పోయేది ఒకటి. ఈ రెంటికీ మధ్య తేడా ఎక్కడినుంచి వస్తుందో, దాన్ని ఎట్లా ఆపుకోవాలో నాలుగు మాటలు చెప్పి సెలవు తీసుకుంటాము.

పర్ణశాల వాళ్ళకు విమానాల ముచ్చట ఎందుకని కొందరు నవ్వుకోవచ్చు. నిజమే, మనకు రైలే దూరం. భద్రాచలంలో రైల్వే స్టేషన్ లేదు. కొత్తగూడెంలో ఉన్న స్టేషన్‌కే భద్రాచలం రోడ్ అని పేరు. అయినా మన ఇళ్ళలో చూడండి. ఒకరి కొడుకు దుబాయిలో, ఒకరి అల్లుడు కువైట్‌లో ఉంటారు. పెద్దవాళ్ళు ఉమ్రాకు పోయి వస్తున్నారు. 2008లో తెరిచిన శంషాబాద్ విమానాశ్రయం మనకు మూడు వందల కిలోమీటర్లకు పైబడి ఉన్నా, టిక్కెట్టు మాత్రం ఇంటి అరుగు మీద కూర్చొని ఫోన్‌లోనే తీస్తున్నాం. ఆఫీసుకు పోయే పని తప్పింది, లైనులో నిలబడే బాధ తప్పింది. మంచిదే. కాని కొత్త బాధ ఒకటి వచ్చింది.

మనం గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళం. రేవులో పడవ ఎక్కేముందు మనిషికింత, సైకిలుకింత, మూటకింత అని పడవవాడు ఒడ్డునే చెప్పేవాడు. ఇష్టమైతే ఎక్కేవాళ్ళం, లేకపోతే ఆగేవాళ్ళం. నడి గోదావరిలోకి తీసుకుపోయి, "తెడ్డుకు ఇంత, కూర్చున్న పలకకు ఇంత" అని అడిగిన పడవవాణ్ణి మేము చూడలేదు. అక్కడ అడిగితే ఎవరైనా ఇవ్వక ఏం చేస్తారు? దిగి నడిచిపోలేరు గదా! ఇప్పుడు ఇంటర్నెట్టులో టిక్కెట్లు అమ్మే కొందరు ఏజెంట్లు చేస్తున్నది సరిగ్గా ఆ పనే.

మా ఇంట్లో జరిగినదే చెబుతాము. మా ఆపాకు గుడి దారిలో గాజుల దుకాణం ఉంది. శ్రీరామనవమికి, ముక్కోటికి యాత్రికులు వచ్చే రోజుల్లో నాలుగు డబ్బులు కనబడతాయి. మిగతా రోజుల్లో బోణీ అయితే అదే పదివేలు. ఆమె కొడుకు దుబాయిలో ఏసీ మెకానిక్. సెలవు మీద వచ్చాడు, తిరిగి పోవాలి. పక్కింటి కుర్రవాడు డిగ్రీ చదువుతున్నాడు. అతను ఫోన్‌లో చూసి, "ఖాలా, 11,850 రూపాయలు" అన్నాడు. మా ఆపా పన్నెండు వేలు లెక్కపెట్టి కొంగున ముడివేసుకుంది. ఆ రాత్రి కుర్రవాడు తన తండ్రి ఖాతాలోంచి డబ్బు కట్టి టిక్కెట్టు తీశాడు. తెల్లవారి వచ్చి, "ఖాలా, 14,354 అయింది" అన్నాడు.

రెండు వేల ఐదు వందల నాలుగు రూపాయల తేడా! మా ఆపా నోట మాట రాలేదు. సాయంత్రానికి వీధిలో గుసగుసలు మొదలైనాయి. కుర్రవాడు మధ్యలో తిన్నాడని ఒకరు, ఈ కాలపు పిల్లలంతే అని మరొకరు. దాచిపెట్టడం ఎందుకు, మేము కూడా అనుమానించాము. ఆ పిల్లవాడు మా గడప తొక్కడం మానుకున్నాడు. మా ఆపా వడ్డీకి తెచ్చి మిగతా డబ్బు అతని తండ్రి చేతిలో పెట్టింది. ఆయన తీసుకున్నాడు గాని మా మొహం చూడలేదు.

నాలుగు రోజులు పోయాక మనసు ఊరుకోక బిల్లు తెప్పించి వరుసగా చదివాము. సీటుకు 650. కుర్రవాడు సీటు ఎంచుకోవడం తప్పనిసరి అనుకున్నాడు. ఎంచుకోకపోయినా విమానాశ్రయంలో ఏదో ఒక సీటు ఇస్తారని అతనికి తెలియదు. ప్రయాణ బీమాకు 299. ఆ గడిలో టిక్కు ముందే పెట్టి ఉంది. "ఉచిత రద్దు" అన్నదానికి 849. ఉచితం అని రాసి ఉంది గదా, డబ్బు ఎందుకు పడుతుందిలే అనుకున్నాడు పాపం! ఏదో మంచి పనికి విరాళమని 10 రూపాయలు. దానం చేయడం మనకు కొత్త కాదు. కాని సదఖా ఇచ్చేవాడికి నియ్యత్ ఉండాలి. తెలియకుండా జేబులోంచి తీసింది సదఖా ఎట్లా అవుతుంది? చివరిది కన్వీనియెన్స్ ఫీజు, అంటే మన సౌకర్యానికని వాళ్ళు తీసుకునే రుసుము, 590 రూపాయలు. దాని మీద జీఎస్టీ 18 శాతం కలిపి 696. అన్నీ కూడితే లెక్క రూపాయితో సహా సరిపోయింది. కుర్రవాడు ఒక్క రూపాయి ముట్టలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పోయిన డబ్బు పోయింది. నిందపడ్డ పిల్లవాడి సంగతేమిటి? పొద్దున్నే వాళ్ళింటికి పోయి, తండ్రి ఎదుట, కొడుకు ఎదుట తప్పు ఒప్పుకున్నాము. ఈ చాటుమాటు రుసుముల వల్ల జరిగే అసలు నష్టం ఇదేనని మాకు అప్పుడు తోచింది. ఊరు పేరు తెలియని కంపెనీ ఎక్కడో కూర్చొని డబ్బు లాగుతుంది. మనం ఎదురుగా ఉన్న మనవాణ్ణి దొంగ అంటాం.

ఇది ఎందుకు జరుగుతున్నది? వెనుకటి రోజుల్లో విమాన కంపెనీలు టిక్కెట్టు మీద ఏజెంట్లకు కమీషన్ ఇచ్చేవి. తర్వాత ఆ కమీషన్లు బాగా తగ్గిపోయాయి. ఏజెంటు బతకాలంటే రుసుము తీసుకోవాలి, లేదా బీమాలూ సీట్లూ అమ్మాలి. పని చేసినవాడు కూలి తీసుకోవడం తప్పని మేము అనడం లేదు. విమాన కంపెనీల సొంత వెబ్‌సైట్లలో కూడా ఇటువంటి రుసుము ఉంటున్నది. తప్పల్లా కూలి ఎంతో మొదట చెప్పకపోవడం. పది కంపెనీల ధరలు పక్కపక్కన కనిపించే చోట, తక్కువ అంకె చూపినవాడి దగ్గరికే జనం పోతారు. అందుకని తక్కువ చూపించి, పేర్లూ పాస్‌పోర్టు నంబర్లూ అన్నీ నింపి మనం అలసిపోయాక, ఒక్కొక్కటే కలుపుతారు. అప్పటికి మనం నడి గోదావరిలో ఉంటాం.

దీన్ని ప్రభుత్వం గుర్తించలేదా అంటే, గుర్తించింది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ముందే టిక్కు పెట్టిన గడిని కొనేవాడి అంగీకారంగా లెక్కగట్టకూడదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు వెలువరించి, కొనేవాణ్ణి మభ్యపెట్టే 13 పద్ధతులకు పేర్లు పెట్టి నిషేధించింది. వాటికి డార్క్ ప్యాటర్న్స్ అని పేరు, అంటే చీకటి పద్ధతులు. అందులో ఇచ్చిన ఉదాహరణల్లో విమానం టిక్కెట్లు ఒకటికి మూడుసార్లు వస్తాయి. అడగకుండా ప్రయాణ బీమా కలపడం ఒకటి. బీమా వద్దంటే "నేను రక్షణ లేకుండానే ఉంటాను" అని మనచేతనే నొక్కించి సిగ్గుపడేట్టు చేయడం రెండు. ఒక ధర చూపించి డబ్బు కట్టే వేళకు ఎక్కువ తీసుకోవడం మూడు. ఈ మూడోదాన్ని డ్రిప్ ప్రైసింగ్ అన్నారు. చుక్క చుక్కగా ధర పెంచడమన్నమాట.

ఈ పీడ మన ఒక్కరిదే కాదు. యూరప్ దేశాలవారు 2008లోనే చట్టం చేశారు. తప్పనిసరి పన్నులూ రుసుములూ అన్నీ కలిపిన ధరనే మొదటినుంచీ చూపాలన్నారు. బీమా వంటివి కొనేవాడు తానుగా కోరితేనే కలపాలన్నారు. అమెరికాలో 2012లో పన్నులతో కలిపిన పూర్తి ధరను ప్రకటించాలని నియమం తెచ్చారు. చదువుకున్న దేశాల ప్రజలే మోసపోయి చట్టాలు తెచ్చుకున్నారంటే, మన ఆపా మోసపోవడంలో వింత ఏముంది?

ఇక టిక్కెట్టు రద్దు సంగతి. మన సంఘంలోని ఒక కుటుంబం ఉమ్రా ప్రయాణం మానుకోవలసి వచ్చింది. డబ్బు బ్యాంకుకు రాలేదు. ఏజెంటు వాలెట్‌లో వేశామన్నారు, మళ్ళీ టిక్కెట్టు కొంటేనే వాడుకోవాలన్నారు. ఇక్కడ మనకు హక్కులున్నాయి. వాపసు డబ్బును కంపెనీ దగ్గర ఉంచాలా, చేతికి తీసుకోవాలా అన్నది ప్రయాణికుడి ఇష్టమని పౌర విమానయాన డైరెక్టరేట్ నియమం. టిక్కెట్టు వాపసు లేనిదైనా సరే, ప్రభుత్వ పన్నులూ విమానాశ్రయ రుసుములూ తిరిగి ఇవ్వాలి. వాపసు చేసే పనికని విమాన కంపెనీ మళ్ళీ వేరే రుసుము తీసుకోకూడదు. ఏజెంటు ద్వారా కొన్నా విమాన కంపెనీ బాధ్యత తప్పదు. ఈ నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి.

మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది, పేరు. షేక్ అన్న ఒక్క మాటనే ఇంగ్లీషులో ఇంట్లో తలా ఒక రకంగా రాసుకుంటాం. మహమ్మద్ సంగతి చెప్పనక్కరలేదు. ఆధార్‌లో ఒక తీరు, పాస్‌పోర్టులో ఒక తీరు. టిక్కెట్టు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉండాలి. తప్పు దొర్లితే దిద్దడానికి మళ్ళీ డబ్బు పోవచ్చు. పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకొని, ఒకరు చదువుతుంటే ఒకరు కొట్టండి.

టిక్కెట్టు తీసేటప్పుడు మేము ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి చెబుతాము. మొదటి అంకెను నమ్మము. డబ్బు కట్టే చివరి పేజీ వరకు పోయి, అక్కడి మొత్తాన్ని కాగితం మీద రాసుకుంటాము. టిక్కు ఉన్న ప్రతి గడినీ చూసి, అడగనిది తీసేస్తాము. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి దాచుకుంటాము. తర్వాత విమాన కంపెనీ సొంత వెబ్‌సైటులో, భద్రాచలంలోని ట్రావెల్స్ దుకాణంలో కూడా అడుగుతాము. మేనల్లుడి ప్రయాణం లెక్కనే మళ్ళీ వేసి చూస్తే, అక్కరలేనివి తీసేశాక ఆన్‌లైన్ ఏజెంటు దగ్గర 12,546 తేలింది. కంపెనీ వెబ్‌సైటులో 12,250. దుకాణంలో ఆయన ఒకే మాట చెప్పాడు, "అన్నీ కలిపి 12,500." ఎవరూ ఊరికే చేసిపెట్టరు. కాని రేవులోనే ధర చెప్పినవాడు ఆయనొక్కడే.

అన్యాయం జరిగిందనుకుంటే 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తెగకపోతే, 2019 చట్టం ప్రకారం మనం నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కంపెనీ ఉన్న ఊరికి పోనక్కరలేదు. ఐదు లక్షల రూపాయల లోపు వాటికి కోర్టు రుసుము లేదు. రెండు వేలకు ఇంత తంటా ఎందుకని ఊరుకోవద్దు. అందరూ అట్లా ఊరుకుంటారన్న ధైర్యంతోనే వాళ్ళు తీసుకుంటున్నారు.

తూకంలో మోసం చేసేవారిని గురించి ఖురాన్‌లో ఒక సూరా ఉన్నది, అల్ ముతఫ్ఫిఫీన్. మన పెద్దలు సంతలో దానిని గుర్తుచేసేవారు. కాటా ఫోన్‌లోకి మారినంత మాత్రాన ధర్మం మారదు.

చివరగా ఒక కోరిక. జుమా నమాజు తర్వాత గంటసేపు, ఇద్దరు చదువుకున్న పిల్లలు సంఘం గదిలో కూర్చొని, టిక్కెట్టు తీయవలసిన వాళ్ళకు చివరి పేజీ చదివి చెప్పే ఏర్పాటు చేయాలని అధ్యక్షులవారిని వేడుకుంటున్నాము. పక్కింటి కుర్రవాడు ఈవేళ ఆఖరి వరుసలో కూర్చొని ఉన్నాడు. ఆ పనికి మొదట అతన్నే అడిగాము. ఇంకా అవునని అనలేదు. మీ అందరి ఎదుట మరోసారి అడుగుతున్నాము. బాబూ, మేము అన్నది తప్పు. మనసులో పెట్టుకోకు.