వాట్‌గంజ్‌లో మా బాలసాహిత్యోత్సవము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన సంఘము పక్షమున వాట్‌గంజ్‌లో జరిగిన బాలసాహిత్యోత్సవమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఆ ఉత్సవమును నడపినవారు అనేకులు. వారిలో నేనొకడను మాత్రమే. కావున నేను “మేము” అన్నచోటనెల్ల ఆ మిత్రులందరును, వారి గృహిణులును ఉన్నారని గ్రహింప ప్రార్థన. ఆనాటి ముచ్చటలు తలచుకొనుట నాకు వేడుకయే. అయినను ఆ ముచ్చటల వెనుక మన యిండ్లలో ప్రతిదినమును ఎదురగు ప్రశ్న యొకటి యున్నది. మన పిల్లల నోట తెలుగు ఉన్నది. వారి కంటికి తెలుగు లేదు. మాటాడుదురు గాని చదువలేరు. ఈ నోటికిని ఆ కంటికిని నడుమ వంతెన కట్టుట ఎట్లు?

ముందుగా స్థలమును గూర్చి కొంచెము చెప్పెదను. వాట్‌గంజ్ ఖిదిర్‌పూర్ రేవును ఆనుకొనియున్న పేట. పదునెనిమిదవ శతాబ్దిలో ఇచ్చట ఓడల నిర్మాణమునకు పూనుకొనిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరుమీదుగా దీనికీ పేరు వచ్చినది. ఖిదిర్‌పూర్ డాక్ 1890ల తొలినాళ్ళలో పనిలోనికి వచ్చినది. దగ్గరనే గార్డెన్‌రీచ్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయముండెను. 1955 నుండి అది ఆగ్నేయ రైల్వేకు ప్రధానస్థానమైనది. రేవును రైలును రెండును ఒకచోట కలిసిన పిమ్మట తెలుగువాడు రాక మానునా? శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము సీమలనుండి కూలికై వచ్చినవారు కొందరు. రైల్వే, కస్టమ్సు, రేవు, అలీపూర్ టంకశాల మున్నగు కార్యాలయములలో ఉద్యోగములకై వచ్చినవారు మరికొందరు. ఒకే వీథిలో నడచుచున్నను ఈ రెండు తెగలవారును ఒకరి గడప నొకరు తొక్కుట అరుదు.

మన పిల్లల స్థితి మీకు తెలియనిది కాదు. ఇంట తల్లితో తెలుగు, వీథిలో బెంగాలీ, హిందీ, బడిలో ఇంగ్లీషు. వీథి మొగమున నున్న మిఠాయి దుకాణపు బోర్డును గడగడ చదువుదురు. వేసవి సెలవులలో స్వగ్రామమునకు పోయి, బస్సుమీద తెలుగున వ్రాసియున్న ఊరిపేరు చదువలేక, “ఈ బస్సు ఎక్కడికి పోవును?” అని పక్కవానిని అడుగుదురు. ఆ మాటను చక్కని తెలుగుననే అడుగుదురు గనుక, వినినవాడు వీరిని వింతగా చూచును! తాతగారు స్వహస్తముతో వ్రాసిన ఉత్తరము వచ్చిన, అది తండ్రి కార్యాలయమునుండి వచ్చువరకు బల్లమీద పడియుండును.

ఒక నవంబరు మాసమున, బాలల దినోత్సవమునకు చేరువగా ఉత్సవము జరుపుదమని నిశ్చయించితిమి. నిశ్చయించుట సులభము; నియమములు వ్రాయుటకు కూర్చున్నప్పుడు కదా చిక్కులు! మొదటి ప్రశ్న: ఇది సంఘ సభ్యుల పిల్లలకు మాత్రమేనా, పేటలోని తెలుగు పిల్లలందరికా? ఈ విషయమున వాదము చాలసేపు సాగలేదు. తెలుగు మాటాడు బిడ్డ ఎవరి బిడ్డయైనను రావచ్చునని తీర్మానించితిమి. రెండవ ప్రశ్న కఠినమైనది. కథారచన పోటీలో పిల్లలు ఏ లిపిలో వ్రాయవలెను?

ఒక పెద్దలు, “తెలుగు కథను బెంగాలీ అక్షరములలో వ్రాసినచో అది తెలుగెట్లగును? ఒకసారి ఈ సడలింపు ఇచ్చితిమా, మన లిపికి నీళ్ళు వదలినట్లే” అనిరి. వారి మాటలో కోపము లేదు, దిగులున్నది. దానికి ఒక సోదరి ఇట్లు బదులు చెప్పిరి: “అయ్యా, మా అమ్మాయికి కథలు వచ్చును, అక్షరములు రావు. అక్షరములు వచ్చినవారినే రమ్మందురా, మీకు నలుగురు దొరకుదురు. కథలు వచ్చినవారిని రమ్మందురా, ఇల్లు నిండును.” ఇద్దరి మాటయు సత్యమే. తుదకు ఇట్లు కుదుర్చుకొంటిమి: కథ తెలుగున ఉండవలెను, లిపి ఏదైనను కావచ్చును, కాని సభలో ఎవరి కథనైనను మరియొకరు చదివి వినిపింపవలెను. ఈ చివరి షరతును చేర్చినది లిపికై వాదించిన ఆ పెద్దలే. దాని మహిమ మాకు ఉత్సవమునాడు గాని తెలియలేదు.

ఇక పుస్తకముల సేకరణ. సెలవుమీద స్వస్థలమునకు పోయిన ప్రతి మిత్రునికిని ఒక జాబితా ఇచ్చి పంపితిమి. విశాఖపట్టణమునుండి, విజయవాడనుండి బట్టల పెట్టెలలో చీరల మడతల నడుమ పుస్తకములు వచ్చినవి. పాత సంపుటములు మాత్రము ఇక్కడి అటకలమీదనే దొరకినవి. “రేడియో అన్నయ్య” న్యాయపతి రాఘవరావుగారును, “రేడియో అక్కయ్య” కామేశ్వరిగారును 1945లో ప్రారంభించిన “బాల” సంచికలు ఒకరి యింట నుండెను. 1947 జూలైలో మద్రాసున పుట్టిన “చందమామ” బైండు సంపుటములు ఇంకొకరు తెచ్చిరి. ఆ పత్రిక ఇప్పుడు వెలువడుటలేదు. ఆ అట్టలను చేతులార తడవుచు, పిల్లలకంటె ముందు తండ్రులే నేలమీద చతికిలబడి చదువ మొదలిడిరి. వారిని లేపుట మాకు పెద్ద పని యైనది!

పొరుగున నున్న బెంగాలీ సోదరులు సంగతి విని తమ పుస్తకములును తెచ్చి మన బల్లమీద నుంచిరి. 1907 నాటి దక్షిణారంజన్ మిత్ర మజుందార్‌గారి “ఠాకుర్‌మార్ ఝులి”, 1923లో వెలువడిన సుకుమార్ రాయ్‌గారి “అబోల్ తాబోల్”, ఇంకను ఎన్నో. సుకుమార్ రాయ్ తండ్రి ఉపేంద్రకిశోర్‌గారు 1913లో పిల్లలకై స్థాపించిన పత్రిక పేరు “సందేశ్”. బెంగాలీలో ఆ మాటకు వార్త యనియు అర్థము, మిఠాయి యనియు అర్థము. ఈ శ్లేషను పిల్లలకు వివరించునప్పటికి ఒక బెంగాలీ గృహిణి నిజముగనే సందేశ్ పళ్ళెముతో లోపలికి వచ్చిరి. అంతకు మించిన వ్యాఖ్యానము ఏ పండితుడు చేయగలడు? మన సోదరీమణుల పులిహోర ఆ పళ్ళెమునకు తోడైనది.

ఉత్సవమునాడు సుమారు నలువదిమంది పిల్లలు వచ్చిరి. తొలి కార్యక్రమము కథ చెప్పుట. రేవులో చిరకాలము పనిచేసిన ఒక కార్మికుని భార్య, శ్రీకాకుళపు ముసలమ్మ, ఏడు చేపల కథ చెప్పుటకు ఒప్పుకొనెను. మీరందరును ఎరిగిన కథయే. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటాడి తెచ్చిన ఏడు చేపలలో ఒకటి ఎండలేదు కదా! కథ ఇంకను సగమునకు రాకముందే ఒక చిన్నవాడు లేచి, “చేపలను ఎండబెట్టుట ఎందుకు? వండుకొని తినవచ్చును కదా!” అని అడిగెను. అందరును నవ్విరి. కాని ప్రశ్న సరియైనదే. ఉదయము సంతలో చేప కొని మధ్యాహ్నమునకు కూర వండుకొను వంగదేశమున పెరిగినవాడు వాడు! ముసలమ్మ ఏమాత్రము తొట్రుపడక, “ఎండకపోతే నిలవుంటాదేటి గుంటడా? గాలివానప్పుడు నావ నీటిలో దిగదు. అప్పుడేటి తింటావు?” అనెను. తరువాత సముద్రపు టొడ్డున ఇసుకమీద చేపలు ఎట్లు పరచుదురో, కాకులను ఎట్లు తోలుదురో చెప్పెను. తన చిన్ననాటి ఊరంతయు ఆ కథలో చేరిపోయినది.

“గుంటడు” అను మాటకు ఒకరిద్దరు నొసలు ముడిచిన మాట నిజమే. కాని ఆమె వెంట కథ నడపుటకు పిల్లలు పోటీపడుచుండగా, ఆ నొసళ్ళు తమంతట తామే విచ్చుకొన్నవి. ఉద్యోగుల బిడ్డలకు కళింగసీమ పలుకు ఒక్క పూటలో తియ్యనైనది. ఆ ముసలమ్మ మనుమలకు, తమ అవ్వ మాట సభలో వినదగిన మాట యని ఆనాడు తెలిసినది.

పిమ్మట కథారచన. అయిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక తన కథను బెంగాలీ లిపిలో వ్రాసి తెచ్చినది. ఒక రాజకుమార్తె తన తండ్రి మేడ యెక్కి, నదిలో పోవు ఓడలను లెక్కించుచుండును, అదియే కథ. వాట్‌గంజ్ పిల్ల గనుక ఆ ఓడలు ఆమెకు తెలిసినవే. షరతు ప్రకారము ఆ కథను మా బెంగాలీ మిత్రులొకరు చదువ మొదలిడిరి. బెంగాలీ లిపిలో ఎకార ఏకారములకు వేరువేరు గుర్తులు లేవు. అందుచేత ఆయన, “రాజకుమార్తె తండ్రి మెడ యెక్కి ఓడలు చూచుచుండెను” అని గంభీరముగ చదివిరి. సభ ఒక్కమారు గొల్లుమన్నది. అందరికంటె ఎక్కువ నవ్వినది ఆ బాలికయే. తరువాత “కళ” అని ఆమె వ్రాసినది “కల” యైనది. ఆ లిపిలో మన “ళ” లేదు.

అప్పుడు లిపికై వాదించిన ఆ పెద్దలు మెల్లగా లేచి, నల్లబల్ల దగ్గరకు పోయి, “మె” అనియు, “మే” అనియు ప్రక్కప్రక్కన వ్రాసి, “అమ్మా, చూచితివా? ఈ చిన్న వంపు ఒక్కటి చేర్చినచో నీ రాజకుమార్తె నాన్నగారి మెడమీదనుండి దిగి మేడమీదికి పోవును” అనిరి. ఆ బాలిక వచ్చి, సుద్దముక్క తీసికొని, ఆ వంపును తానే మూడుమార్లు దిద్దినది. ఆమె వెనుక పిల్లలు వరుస కట్టిరి. లిపి యొక్క అవసరమును గూర్చి మేము గంటసేపు ఉపన్యసించినను రాని ఆసక్తి ఆ ఒక్క నవ్వుతో వచ్చినది. వాకిట అక్షర పరీక్ష పెట్టియుండినచో ఆమె లోపలికి వచ్చియే యుండెడిది కాదు. లోపలికి వచ్చినది గనుకనే అక్షరము కావలెనని కోరినది.

సాయంకాలము ఆ పేట కవిని గూర్చి పిల్లలకు చెప్పితిమి. మైకేల్ మధుసూదన దత్తుగారి తండ్రి ఖిదిర్‌పూర్‌లో కాపురముండెను. ఇంగ్లీషు కవి కావలెనని తహతహలాడిన ఆ యువకుడు 1848లో మద్రాసు చేరి, అక్కడ ఉపాధ్యాయుడైనాడు. 1849లో తన మిత్రుడు గౌరదాస్ బసాక్‌కు వ్రాసిన జాబులో తన దినచర్యను తెలుపుచు, మధ్యాహ్నము రెండు గంటలనుండి అయిదు గంటలవరకు తెలుగును, సంస్కృతమును చదువుచున్నానని వ్రాసినాడు. ఇదంతయు తన పితృభాషను అలంకరించుటకు సన్నాహము కాదా యని కూడ అడిగినాడు. 1856లో తిరిగివచ్చి, 1861లో బెంగాలీలో “మేఘనాదవధ కావ్యము” వెలువరించినాడు. ఈ పేటనుండి పోయిన బిడ్డ మన దేశమున తెలుగు అక్షరములు దిద్దినాడు. మన దేశమునుండి వచ్చిన బిడ్డలు ఈ పేటలో వాటిని మరచుట తగునా? మన బెంగాలీ పొరుగువారిలోనే పలువురికి ఈ సంగతి క్రొత్తగ వినబడినది.

ఉత్సవము ముగిసిన మరుసటి ఆదివారమునుండి ఒక గంట చదువు ప్రారంభించితిమి. దానిని బడి యనలేదు. “కథల గంట” యన్నాము. మొదట పెద్దవారొకరు కథ చదువుదురు. మంచి పట్టున ఆపివేయుదురు. మిగిలినది తెలియవలెనన్న పిల్లలే కూడబలుకుకొని చదువవలెను. ఇంతకు మించిన ఉపాయము మాయొద్ద లేదు, అవసరమును కలుగలేదు. కొందరు మానివేసిరి, కొందరు నిలిచిరి. మేడ కథ వ్రాసిన బాలిక కొన్ని నెలలకు తాతగారికి తెలుగున ఒక కార్డు వ్రాసినది. అందు ఒత్తులు కొన్ని తప్పియున్నవి. తాతగారు వాటిని దిద్దలేదు. ఆ కార్డును ఊరంతయు త్రిప్పి చూపిరని విని మేము సంతోషించితిమి.

సోదరులారా! 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు ఈ రాష్ట్రమున అధికారభాషా ప్రతిపత్తి నిచ్చుటకు ఆమోదించినది. అది మనకు గౌరవమే. కాని ప్రభుత్వము ఉత్తరువు ఈయగలదు గాని, రాత్రి మన బిడ్డ ప్రక్కన కూర్చుండి కథ చదువజాలదు గదా! ఆ పని మనదే. కావున మిమ్ము రెండు కోరికలు కోరుచున్నాను. నిద్రకు ముందు పది నిమిషములు బిడ్డకు ఒక తెలుగు పుటను వ్రేలితో చూపుచు చదువుడు. స్వస్థలమునకు పోయినపుడు ఊరగాయ జాడీతోబాటు ఒక పిల్లల పుస్తకమును తెండు. మీ బిడ్డ చదివిన పిమ్మట దానిని రేవుపేట బిడ్డకు ఇండు.