ఇల్లు మారునప్పుడు

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ విజయదశమి. ఆనాడే తెలంగాణలో 21 కొత్త జిల్లాలు ఏర్పడినవి. పాత వరంగల్లు జిల్లాలోని జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములు జిల్లా కేంద్రములైనవి. కార్యాలయముల వెంట ఉద్యోగులు, ఉద్యోగుల వెంట కుటుంబములు, కుటుంబముల వెంట బీరువాలు, మంచములు, ఊరగాయ జాడీలు బయలుదేరినవి. అట్లు హనుమకొండ విడిచి భూపాలపల్లి చేరిన కుటుంబములలో మాది యొకటి.

జనగామకు, మహబూబాబాదుకు రైలున్నది. భూపాలపల్లికి పరకాల, రేగొండల మీదుగా రోడ్డే దిక్కు. మేమొక డీసీఎం వ్యాను మాట్లాడుకొంటిమి. కిరాయి ఎంతయో అడిగితిమి గాని, కొత్త యిల్లు రెండవ అంతస్తులో నున్నదని చెప్ప మరచితిమి. సాయంకాలము వ్యాను దిగి, మెట్లు చూచి హమాలీలు అదనపు కూలి అడిగిరి. అడుగుట న్యాయమే, బీరువాను వీపున మోయువారు వారు గదా! బేరము తెగుటకు గంట పట్టినది.

ఇంతలో సామాను ధూళికి మా అత్తగారికి ఉబ్బసము హెచ్చినది. పీల్చుమందు ఏ పెట్టెలో నున్నదో యెవ్వరికిని తెలియదు. ఒక్కొక్క పెట్టెయే విప్పగా విప్పగా, తుదకు బియ్యపు డబ్బా క్రింద దొరికినది. ఆమె ఏమియు అనలేదు. మెట్ల మీద కూర్చుండి, ఆయాసపడుచు మా వైపు చూచిరి. ఆనాడు మేము నేర్చిన పాఠమునే శ్రోతలకు విన్నవించుచున్నాము.

సామాను సర్దుటకు ముందు మాట సర్దుకొనవలెను. ఇల్లు ఎన్నవ అంతస్తు, వ్యాను వాకిటి దాకా వచ్చునా, బరువు వస్తువులెన్ని, మంచములు విప్పి బిగించు పని యెవరిది, ఎక్కింపు దింపు కూలి కిరాయిలో చేరినదా అను సంగతులన్నియు ముందుగనే కాగితము మీద వ్రాసికొనవలెను.

బరువైన పుస్తకములను చిన్న పెట్టెలలోను, తేలికైన దుప్పట్లను పెద్ద పెట్టెలలోను ఉంచుట మేలు. పెంబర్తి ఇత్తడి వస్తువులను పొడి నూలుగుడ్డలో చుట్టవలెను. ఊరగాయ జాడీల మూతులకు గుడ్డ బిగించి, నిలువుగా గంగాళములో నుంచి, చుట్టును పాత చీరలు కూరవలెను. ప్రతి పెట్టె ప్రక్కను అంకె వేసి, అందేమున్నదో నోటుపుస్తకములో వ్రాసి, దింపునపుడు ఒక్కొక్కటిగా సరిచూచుకొనవలెను. వంటగ్యాసు సిలిండరును వ్యానులో నెక్కింపరాదు. ఏజెన్సీకి అప్పగించి బదిలీ పత్రము పొందవలెను.

రవాణా సంస్థకు సామాను అప్పగించువారు, 2007 నాటి రోడ్డు రవాణా చట్టమును అనుసరించి, సామాను విలువ వ్రాసియిచ్చి రసీదు పుచ్చుకొనవలెను. వస్తువు పోయినను, పాడైనను, బుక్ చేసిన తేదీ నుండి 180 దినములలో లిఖితపూర్వకముగా ఆ సంస్థకు తెలుపవలెను.

మందులు, నగలు, పిల్లల సర్టిఫికెట్లు, పట్టాదారు పాసుపుస్తకము, ఆ పూట తినుటకు అన్నము — ఇవి చేతిసంచి విడువరాదు. హమాలీలకు మంచినీరు, భోజనము అడుగకముందే అందవలెను. మన సంసారమంతయు ఆ పూట వారి భుజముల మీదనే యున్నది.

కొంతకాలమునకు మేము జనగామకు మారవలసి వచ్చినది. ఈ మారు మందు అత్తగారి చేతిలోనే యున్నది. పాలగిన్నె, కరెంటు పొయ్యి మా సంచిలో నున్నవి. మెట్ల సంగతి ముందే చెప్పియుండుటచే ఎవ్వరును గొంతెత్తలేదు. పాలు పొంగించిన పిమ్మట ఆ పాలతోనే టీ కాచితిమి. తొలి గ్లాసులు హమాలీలకు అందించినది అత్తగారే.